మూడు పెడళ్ల పోస్టుమాన్

మా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. దాని నెత్తిన మా ఆవిడ చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంటుంది: "ముట్టుకోవద్దు. అప్‌డేట్ చేయవద్దు. ఇది అందరికీ. ముఖ్యంగా మీకు." ఇంట్లో ఉండేది మేమిద్దరమే. కాబట్టి ఆ కాగితం ఎవరి గురించో నేను ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

మా ఆవిడది డాక్టర్ల మాటలు టైపు చేసే పని. పేషెంట్‌ని చూశాక డాక్టర్లు ఏదో ఒకటి ఫోన్లోకి గొణిగి పంపిస్తారు. ఈవిడ చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని అక్షరం పొల్లుపోకుండా దించుతుంది. చేతులు రెండూ టైపింగులో ఉంటాయి కనుక రికార్డింగుని నడిపే బాధ్యత కాళ్లది. బల్ల కింద మూడు పెడళ్లున్న పెట్టె ఒకటుంటుంది. ఎడమది నొక్కితే మాట వెనక్కి వెళుతుంది, కుడిది నొక్కితే ముందుకు, మధ్యది నొక్కితే ఆగుతుంది.

ఆ పెడళ్లూ, వాటితో వచ్చిన టైపింగ్ ప్రోగ్రామూ పదకొండేళ్ల నాటివి. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీద అవి పనిచేయవు. అందుకని ఆ కంప్యూటర్‌కి ఏ అప్‌డేటూ సోకకుండా కంటికి రెప్పలా కాపాడుకుంటూ వస్తోంది. నన్నూ అలాగే ఉంచింది గానీ, నా విషయంలో మొదట్లో అప్‌డేట్‌కి ప్రయత్నించి, లాభం లేదని వదిలేసింది.

అసలు గొడవ ఒక ఆదివారం మా అక్క ఫోన్ చేయడంతో మొదలైంది. అక్క ఉండేది రైల్లో ఆరు గంటల దూరం. ఫోన్ స్పీకర్లో పెట్టాను. మా ఆవిడ పక్కనే కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో టైపు చేసుకుంటోంది.

"ఒరేయ్ తమ్ముడూ, వచ్చే ఆదివారం మీ బావా నేనూ వస్తున్నాం. అన్నట్టు, అటక సర్దుతుంటే మన చిన్నప్పటి గేమ్ పెట్టె దొరికిందిరా. కరెంటు పెడితే పొగొచ్చింది."

"అయ్యయ్యో! నేను ఎనిమిదో కోట దాటిన పెట్టె అది!"

"ఎవరు దాటింది?" అంది అక్క.

మీకు ఆట సంగతి చెప్పాలి. ఒక బుల్లి పోస్టుమాన్ ఉంటాడు. భుజాన సంచీ. ఎనిమిది కోటలు దాటి, దారిలో కుక్కల్ని తప్పించుకుని, చివరి కోటలో ఉన్న రాణిగారికి ఉత్తరం అందించాలి. ఆ ఉత్తరం అందించింది నేనేనని పెళ్లయిన కొత్తలో మా ఆవిడకి చెప్పాను. కొత్తలో అందరూ ఏదో ఒకటి చెబుతారు. నా ఖర్మ కొద్దీ, తర్వాత ప్రతి ఏడూ అదే చెబుతూ వచ్చాను. పోనుపోనూ నేనే నమ్మేశాను.

"నువ్వు మూడో కోట గోడ దగ్గరే పడి చచ్చేవాడివి కదరా. ఎనిమిదో కోట దాటింది నేను," అంది అక్క.

మా ఆవిడ టైపింగ్ ఆగింది. కుర్చీ నా వైపు తిరిగింది.

"ఏవండీ, వదిన ఏదో అంటోంది."

"మతిమరుపు. వయసు మీద పడింది కదా."

"వినబడుతోందిరా నాకు!" అంది అక్క. "దమ్ముంటే వచ్చే ఆదివారం ఆడి చూపించు. నేను ఓడిపోతే, నువ్వే ఛాంపియన్‌వని చుట్టాలందరికీ రాసిస్తా. మరి నువ్వు ఓడిపోతే?"

నాకు రోషం వచ్చింది. రోషంలో కూడా నా బుర్ర పనిచేసింది, అదే నా కొంప ముంచింది. అక్క మా ఇంటికొచ్చేది ఏడాదికి రెండుసార్లు. వచ్చినా నాలుగు పూటల కంటే ఉండదు. ఇక చేతికి ఎముక లేకుండా వరమిచ్చేశాను.

"ఎవరైనా సరే! ఈ ఇంట్లో నన్ను ఆ ఆటలో ఓడించినవాళ్లు ఎవరైనా సరే, వాళ్లు తిన్న కంచం ఏడాది పాటు నేను కడుగుతా!"

ఫోన్ పెట్టేసేసరికి ప్రింటర్ చప్పుడైంది. మా ఆవిడ ఒక కాగితం తీసి పాత కాగితం కింద అంటించింది. అందులో ఇలా ఉంది: "ఎవరైనా సరే (దగ్గు) ఈ ఇంట్లో నన్ను, ఆఁ, ఆ ఆటలో ఓడించినవాళ్లు ఎవరైనా సరే, వాళ్లు తిన్న కంచం ఏడాది పాటు నేను కడుగుతా."

"దగ్గు కూడా ఎందుకు?"

"దగ్గారు కదా మరి. నా పనే అది."

ఆట ఆడటానికి గేమ్ పెట్టె లేదు. కానీ కంప్యూటర్ చేత ఆ పెట్టె వేషం వేయించే సాఫ్ట్‌వేర్ ఉంటుందట, ఎమ్యులేటర్ అంటారు. ఈ ముక్క నాకు చెప్పింది మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే పెద్దాయన. ఏ సమస్య చెప్పినా ముందు "రీస్టార్ట్ చేశావా?" అంటాడు కనుక అందరం ఆయన్ని రీస్టార్ట్ బాబాయ్ అంటాం. మాది అట్టపెట్టెల కంపెనీ. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో గడియారం సరిచేసుకోవడానికి కూడా పైవాళ్ల అనుమతి కావాలి. ఇక మిగిలింది మా ఇంట్లో కాగితాలు అంటించిన కంప్యూటర్ ఒక్కటే.

మా ఆవిడ రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా పార్కులో నడవడానికి వెళుతుంది. సోమవారం ఆవిడ అటు వెళ్లగానే నేను ఇటు కూర్చున్నాను. బాబాయ్ ఇచ్చిన ఎమ్యులేటర్‌నీ ఆటనీ ఎక్కించి నొక్కాను. తెర మీద ఎర్రగా ఒక పెట్టె వచ్చింది: "మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు లేదు."

బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"రీస్టార్ట్ చేశావా?"

"చేశాను బాబాయ్. మద్దతు లేదంటోంది."

"అయితే అబద్ధం ఆడించు. నేను చెప్పే ఫైల్ తెరువు. అందులో సిస్టమ్ వెర్షన్ నంబరు ఉంటుంది. పది ఉన్నచోట పద్నాలుగు కొట్టు. అది నిజంగా కొత్తదో కాదో ఎమ్యులేటర్ చూడదు, నంబరే చూస్తుంది."

పది కొట్టేసి పద్నాలుగు చేశాను. వయసు దాచే అబద్ధాలు విన్నాను గానీ, పాతదాన్ని కొత్తదని చెప్పే అబద్ధం ఇంత తేలిగ్గా చెల్లుతుందనుకోలేదు. ఎమ్యులేటర్ లేచి కూర్చుంది. చిన్నప్పటి పాట మోగింది. మన పోస్టుమాన్ సంచీతో ప్రత్యక్షమయ్యాడు. నిజం చెబుతున్నాను, నా కళ్లు చెమర్చాయి.

అయితే మనవాడు కదలడు. కీబోర్డు మీద ఉన్న మీటలన్నీ వరసగా నొక్కాను, ఉలుకూ పలుకూ లేదు. ఎమ్యులేటర్ నడుస్తోంది గానీ ఈ పాత సిస్టమ్‌లో దానికి కీబోర్డు కనపడటం లేదు. కుక్క వచ్చి కరిచి వెళ్లింది. చిరాకేసి బల్ల కింద కాలు ఝాడించాను. పోస్టుమాన్ ఎగిరి గంతేశాడు.

కిందికి వంగి చూశాను. నా మడమ మధ్య పెడల్ మీద ఉంది. ఎడమది నొక్కాను, వెనక్కి నడిచాడు. కుడిది నొక్కాను, ముందుకు పరుగెత్తాడు. ఆ పిచ్చి ఎమ్యులేటర్ మా ఆవిడ పెడళ్లని గేమ్ ఆడే జాయ్‌స్టిక్ అనుకుంది!

అప్పుడు నాకు ఒక దివ్యమైన ఆలోచన వచ్చింది. అక్క చేతులతో ఆడితే నన్ను చిత్తు చేస్తుంది, అది నాకు తెలుసు, దేవుడికీ తెలుసు. కానీ కాళ్లతో? అక్క జన్మలో పెడల్ ముట్టుకోలేదు. నాకేమో ఆరు రోజుల సాధన ఉంటుంది. దీన్ని మోసం అనకండి. ముందుచూపు అనండి.

ఇబ్బంది ఒక్కటే. నంబరు పద్నాలుగు ఉంటే మా ఆవిడ టైపింగ్ ప్రోగ్రాం తెరుచుకోదు, ఎందుకంటే దానికి పాతదే కావాలి. కాబట్టి రోజూ ఐదింటికి పది తీసి పద్నాలుగు, ఆరింటికి పద్నాలుగు తీసి పది. సోమవారం మార్చాను. మంగళవారం మార్చాను. పిక్కలు పట్టేశాయి. ఆఫీసులో కుర్చీ కింద, బస్సులో సీటు కింద, ఎక్కడ కూర్చుంటే అక్కడ నా కాళ్లు కోటలు దాటుతూనే ఉన్నాయి.

మంగళవారం భోజనాల దగ్గర మా ఆవిడ చెంచా కింద పెట్టింది.

"నా కాలెందుకు తొక్కుతున్నారు?"

"ప్రేమ," అన్నాను.

"ప్రేమైతే ఒకసారి తొక్కుతారు. వరసగా పద్నాలుగు సార్లు తొక్కరు."

"లెక్కపెట్టావా?"

"మీరు ప్రేమ చూపించి చాలా కాలమైంది. లెక్కపెట్టకుండా ఎలా ఉంటాను?"

బుధవారం పప్పులో కాలేశాను. నేను రెండో కోట దాటుతుండగా వాన మొదలైంది. మా ఆవిడ నడక మధ్యలో ఆపేసి ఐదున్నరకే తలుపు తట్టింది. నేను గాభరాగా కంప్యూటర్ ఆపేసి తలుపు తీశాను. తువ్వాలు ఇచ్చాను, కాఫీ పెట్టాను, గొడుగు తీసుకెళ్లనందుకు మెత్తగా మందలించాను కూడా. అన్నీ గుర్తున్నాయి గానీ నంబరు మార్చడం మాత్రం గుర్తులేదు.

గురువారం తొమ్మిదిన్నరకి ఆఫీసుకి ఫోన్.

"ఏవండీ, కంప్యూటర్‌కి ఏదో అయింది."

"ఏమంటోంది?"

"అది చాలా కొత్తదట. ఈ పాత ప్రోగ్రాం దాని మీద పనిచేయదట. నిన్న పొద్దుటిదాకా మనలాగే పాతదేగా? ఒక్క పూటలో కొత్తది ఎలా అయింది?"

"రీస్టార్ట్ చేశావా?" అన్నాను. బాబాయ్ సావాసం.

"ఏడు సార్లు చేశాను. పదకొండింటికల్లా గొణుగుడు సర్జన్‌ది రిపోర్ట్ వెళ్లాలండీ. పేషెంట్‌ని వేరే ఆసుపత్రికి పంపిస్తున్నారు, ఆ కాగితం లేకపోతే అక్కడ చేర్చుకోరు. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు."

ఫోన్ పెట్టేసి, కడుపునొప్పి అని చెప్పి, ఒకటే పరుగు. కడుపునొప్పి ఉన్నవాడు అంత వేగంగా పరుగెత్తడం మా మేనేజర్ అంతకుముందు చూసి ఉండడు. ఇంటికి చేరేసరికి పదీ ఇరవై.

"కాసిని మంచినీళ్లు తీసుకురా," అన్నాను, ఆవిడని గదిలోంచి పంపించడానికి.

"ఇవిగో," అంది. సీసా చేతిలోనే ఉంది.

"అయితే కాస్త అటు తిరుగు."

"ఎందుకు?"

"నువ్వు చూస్తుంటే నాకు చేతులాడవు."

ఆవిడ అటు తిరిగింది. నేను తెరకి అడ్డంగా నిలబడి పద్నాలుగు తీసి పది పెట్టాను. ప్రోగ్రాం తెరుచుకుంది.

"ఏం చేశారు?"

"రీస్టార్ట్."

"నేను ఏడు సార్లు చేశానన్నానుగా?"

"ఎనిమిదోసారి చేయాలి."

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. పదకొండుకి నాలుగు నిమిషాలుండగా రిపోర్ట్ వెళ్లింది. నాకు సిగ్గేసింది. ఇక ఆ కంప్యూటర్ జోలికి వెళ్లకూడదని గట్టిగా ఒట్టేసుకున్నాను. ఆ ఒట్టు శుక్రవారం సాయంత్రం ఐదింటి దాకా నిలబడింది.

ఆదివారం పదింటికి అక్కా బావా దిగారు. మా బావ మితభాషి. ఏం చెప్పినా "ఊఁ" అంటాడు. సంతోషానికీ, కోపానికీ, టీ కావాలన్నా, వద్దన్నా అదే మాట. అందుకే ఆయన్ని రిఫరీగా పెట్టాం.

ఇక మా ఆవిడని ఒప్పించాలి. గొంతు సవరించుకున్నాను.

"ఏమోయ్, నీ కంప్యూటర్ ఒక్క గంట వాడుకోమంటావా? చాలా జాగ్రత్తగా..."

"వాడుకోండి. పదిని పద్నాలుగు చేయడం మర్చిపోకండి. మళ్లీ పది చేయడం అసలు మర్చిపోకండి."

"అది నీకెలా తెలుసు?"

"గురువారం మధ్యాహ్నం మీరు స్నానాలగదిలో కుళాయి తిప్పి రీస్టార్ట్ బాబాయ్‌తో గుసగుసలాడారు. పదకొండేళ్ల నుంచి గొణుగుడు సర్జన్ నోట్లోంచి మాటలు ఏరుకుంటున్న చెవులండీ ఇవి. కుళాయి ఒక అడ్డా?"

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"ఎంతదాకా వెళతారో చూద్దామని," అంది. "శుక్రవారం కూడా వెళ్లారు."

అక్క ఎదురుగా ఇంతకంటే చర్చ మంచిది కాదని ఆట మొదలుపెట్టించాను. మనిషికి మూడు ప్రాణాలు. ఎవరు ఎక్కువ దూరం వెళితే వాళ్లు గెలిచినట్టు.

"కీబోర్డు పనిచేయదేంట్రా?" అంది అక్క.

"పాత సిస్టమ్ కదక్కా, మద్దతు లేదు. పెడళ్లతోనే ఆడాలి."

"ఇదెక్కడి అన్యాయంరా! నాకు కాలితో ఏం వచ్చు?"

"నాకు మాత్రం ఏం వచ్చు?" అన్నాను అమాయకంగా. తలుపు దగ్గర మా ఆవిడ దగ్గింది. ఆ దగ్గుని టైపు చేసేవాళ్లు లేకపోయారు.

అక్క కుడిది నొక్కబోయి ఎడమది నొక్కింది. మధ్యది నొక్కబోయి బల్లని తన్నింది. మొదటి కుక్కే మూడు ప్రాణాలూ తీసేసింది. నేను కూర్చున్నాను. ఒకటో కోట, రెండో కోట, మూడో కోట గోడ దాకా వెళ్లి అక్కడ పడ్డాను. అయితేనేం, అక్కని ఓడించాను. "ఊఁ," అన్నాడు బావ.

అక్క మొహం మాడ్చుకుని కలం తీసింది. "నా తమ్ముడే ఛాంపియన్ అని ఇందుమూలంగా..." అని రాయడం మొదలుపెట్టింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ రోజు నేను మనిషిగా బతికేవాణ్ని. కానీ ఆనందం తట్టుకోలేక కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాను.

"నేనొకసారి చూడనా?" అంది మా ఆవిడ.

"చూడు, చూడు. కుక్కలుంటాయి, భయపడకు."

ఆవిడ చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుంది. నేను వంకరగా జరిపిన పెడళ్ల పెట్టెని కాలి బొటనవేలితో రెండంగుళాలు ఎడమకి సర్దుకుంది.

"ఎడమది వెనక్కి, కుడిది ముందుకు. మధ్యది నొక్కితే ఎగురుతాడు, అంతేనా?"

"అంతే. కానీ చెప్పినంత తేలిక..."

మొదటి కుక్క పైనుంచి పోస్టుమాన్ దూకేశాడు. రెండో కుక్కకి ఒక్క అడుగు వెనక్కి వేసి, దాన్ని పోనిచ్చి, ముందుకు కదిలాడు. మొదటి కోటలో ఒకసారి గోతిలో పడ్డాడు. "ఓహో, గొయ్యి ఇక్కడ ఉంటుందన్నమాట," అంది ఆవిడ, అంతే, ఇక మళ్లీ పడలేదు. రెండో కోట అయిపోయింది. మూడో కోట గోడ వచ్చింది.

"ఏవండీ, మీరు ఆగిపోయింది ఇక్కడేనా?" అంటూనే దాటేసింది.

"ఊఁ!" అన్నాడు బావ. ఆయన ఊఁ అంత గట్టిగా అనడం అక్క కూడా ఎప్పుడూ వినలేదట.

నేను తెర చూడటం మానేసి ఆవిడ కాళ్లు చూడసాగాను. అవి నొక్కుతున్నట్టే లేవు. ఒకటి దిగేలోపల ఇంకొకటి లేస్తోంది, ఎక్కడా తొందర లేదు. సగం మింగేసిన మాట కోసం వెనక్కి, దొరికాక ముందుకు, రోజుకి ఎన్ని వేలసార్లు అలా నొక్కిందో, అలా పదకొండేళ్లు. గోడకి ఇవతల నేను టీవీ చూస్తూ, ఆవిడ కూర్చుని చేసే పనే కదా అనుకునేవాణ్ని. రెండు రోజులకే నా పిక్కలు పట్టేశాయి. ఆవిడ ఒక్కనాడు కూడా కాళ్లు నొప్పి అనలేదు, నేనూ ఒక్కనాడు కూడా అడగలేదు. ఓడిపోయినందుకు కాదు గానీ, ఇది తట్టినందుకు నాకు నిజంగా బాధేసింది.

ఆరో కోట దాటాక ఆవిడ లేచి నిలబడింది.

"ఇంకా రెండే ఉన్నాయి అమ్మాయ్, ఆపకు!" అని ఆడబిడ్డ హోదా మర్చిపోయి అరిచింది అక్క.

"చాలు వదినా. రేపు పొద్దున్న సర్జన్ ఫైళ్లున్నాయి. కాళ్లు అలిసిపోకూడదు." తర్వాత నా వైపు తిరిగింది. "కంచం సంగతి ఏమంటారు?"

"అది అక్క కోసం అన్న మాట!"

ఆవిడ కంప్యూటర్ మీది కాగితం చూపించింది. "ఇందులో అక్క అన్న మాట ఎక్కడుందో చూపించండి. 'ఎవరైనా సరే' అని రెండుసార్లు అన్నారు. నేను ఒక్క ముక్క కూడా కలపలేదు."

"రోజుకి మూడు పూటలా?"

"నాలుగు. సాయంత్రం ఏదో ఒకటి తింటాను కదా."

అక్క నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటూ, రాస్తున్న కాగితం చించేసింది. నేను వంటింట్లోకి నడిచాను. అక్క తిన్న కంచం, బావ తిన్న కంచం పక్కన పెట్టి, మా ఆవిడది ఒక్కటి తీసి కుళాయి కింద పెట్టాను. ఆ కంచం కొంచెం ఎక్కువ సేపే కడిగాను. సాయంత్రం ఆవిడ కాళ్లకి వేన్నీళ్లు పెడితే ఏమంటుందో అని కూడా ఆలోచించాను.

అంతలో గదిలోంచి అక్క గొంతు వినపడింది.

"ఏమమ్మాయ్, ఈ పెడళ్లు నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"కూర్చుంటే పది రోజుల్లో వచ్చేస్తుంది వదినా. నేను నేర్పిస్తాగా."

"అయితే పది రోజులు ఉండిపోతాలే. వాడు ఎవరైనా సరే అన్నాడు కదా!"

సబ్బు చేతులతోనే గుమ్మం దాకా పరుగెత్తాను. అక్క అప్పటికే పెడళ్ల ముందు కూర్చుని ఉంది. మా ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, మడమ ఎక్కడ ఆనించాలో చూపిస్తోంది. వాళ్ల వెనక సోఫాలో మా బావ తీరుబడిగా మేజోళ్లు విప్పుకుంటున్నాడు.